స్పూన్ల బుట్టలో ఖాళీ

కాపురాలు పచ్చగా ఉండాలంటే ఇంటికో డిష్‌వాషర్ ఉండి తీరాలి. ఈ మాట నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నమ్మనివాళ్ళు సెర్బియాలో మా ఊరు చాచాక్ వచ్చి మా ఇంట్లో ఒక పూట భోజనం చేసి వెళ్ళండి. బస్టాండు వెనక పసుపు రంగు బిల్డింగు, మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు, ఊరికే దాని ముందు నిలబడి కాలం వృథా చేసుకోకండి.

అది గిన్నెలు తోముతుంది కాబట్టి పొగుడుతున్నాననుకుంటున్నారా? అబ్బే! గిన్నెలు తోమడానికి మా ఇంట్లో నేను లేనా? పందొమ్మిదేళ్ళుగా గ్యారంటీ కార్డు లేకుండా, ఒక్క రిపేరు లేకుండా నడుస్తున్నాను. డిష్‌వాషర్ గొప్పతనం అది కాదు. అది మగవాళ్ళని వంటింట్లోకి రప్పిస్తుంది!

మా ఆయన రాదిశా భూములు కొలిచే ఆఫీసులో సర్వేయరు. మా పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన సింకు దాకా వచ్చింది రెండే రెండుసార్లు. ఒకసారి వేలు తెగినప్పుడు. ఇంకోసారి పైపు పగిలినప్పుడు, ప్లంబరుకి దారి చూపించడానికి. ఆ రెండోసారి కూడా దారి తప్పి ప్లంబరుని బాత్రూంలోకి తీసుకెళ్ళాడు.

అటువంటి మనిషి ఇప్పుడు రోజుకి పదిసార్లు వంటింట్లోకి వస్తున్నాడు. వచ్చి, డిష్‌వాషర్ తలుపు తెరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, లోపలికి చూసి నిట్టూరుస్తున్నాడు. పెళ్ళినాడు నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

ఇక ఆ శాస్త్రం ఎంత లోతైనదో వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. పళ్ళేలన్నీ మధ్యకి మొహం తిప్పి నిలబడాలి. గిన్నెలు బోర్లించాలి, కానీ నీళ్ళు చిమ్మే రెక్కకి అడ్డం రాకూడదు. గ్లాసులు పై అరలో కాస్త ఏటవాలుగా ఉండాలి, లేకపోతే వాటి అడుగున మురికి నీళ్ళు నిలుస్తాయి. స్పూన్లు ఒకదాని ఒళ్ళో ఒకటి పడుకోకూడదు. ఒకటి తల పైకి, ఒకటి తల కిందికి! కత్తి మొన ఎప్పుడూ కిందికే. చెక్క గరిటెలు, రాగి కాఫీ గిన్నె, అత్తగారి బంగారు అంచు కప్పులు ఆ ఛాయలకే పోకూడదు. ఎంగిలి మెతుకులు దులిపి పెట్టాలి గానీ ముందే కడిగి పెట్టకూడదు. అడుగున ఉన్న జల్లెడ వారానికోసారి తీసి శుభ్రం చెయ్యాలి.

ఇవన్నీ నిజమే సుమండీ! పుస్తకంలో రాసి ఉన్నాయి. నలభై ఎనిమిది పేజీల ఆ పుస్తకాన్ని మా ఆయన మూడుసార్లు చదివి, పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. మా అబ్బాయి ప్రోగ్రెస్ రిపోర్టు మీద మాత్రం చదవకుండానే సంతకం పెడతాడు.

నేను ఒక పళ్ళెం పెడతాను. ఆయన తీస్తాడు. రెండు వేళ్ళు ఎడమకి జరిపి మళ్ళీ పెడతాడు.

"యాగొదా, నీకెన్నిసార్లు చెప్పాలి? లోతు పళ్ళేలు వెనక వరసలోనని!"

చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా? ఒక ఆదివారం ఆఫీసు టేపు తెచ్చి పళ్ళేలకి మధ్య దూరం కొలిచాడు. గట్టు తగాదాకి వచ్చిన ఇద్దరు రైతుల మధ్య నిలబడ్డంత గంభీరంగా ఉంది ఆయన మొహం. ఆ పళ్ళేలనే నేను పందొమ్మిదేళ్ళు చేత్తో తోమాను కదా, అప్పుడు ఏది ముందు తోమాలో, ఏది వెనక తోమాలో ఆయనకి ఒక్క అభిప్రాయమూ లేదు. అభిప్రాయాలన్నీ ఎక్కడో దాక్కుని మిషను కోసం ఎదురు చూశాయి కాబోలు!

సమాజానికి కూడా దీనివల్ల ఎంత మేలు జరిగిందో చూడండి. ఇదివరకు మగవాళ్ళు నలుగురు కలిస్తే ఫుట్‌బాల్ గురించి కొట్టుకునేవారు, రాజకీయాల గురించి తిట్టుకునేవారు. ఇప్పుడు ఫోన్లు తీసి ఒకరి డిష్‌వాషర్ ఫోటో ఇంకొకరికి చూపించుకుంటున్నారు. "ఇదిగో, నిన్న ముప్ఫై రెండు పళ్ళేలు పట్టించాను," అని ఒకడు. "మరి గ్లాసులేవీ?" అని ఇంకొకడు. పిల్లల ఫోటోలు కూడా అంత గర్వంగా చూపించడం నేను చూడలేదు.

మరి కడిగినవి తీసి సర్దేదెవరని అడుగుతున్నారా? అదేం ప్రశ్నండీ! మిషను కూత పెట్టగానే మా ఆయనకి ఫోను వస్తుంది. ఫోను రాకపోతే కాలు బెణుకుతుంది. పుస్తకంలో తీసి సర్దడం గురించి ఒక్క పేజీ కూడా లేదట. శాస్త్రంలో లేని పని ఆయన చెయ్యడు.

అసలు ఈ మిషను మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలి.

మాకు ఇంటింటికీ ఒక ఇలవేల్పు ఉంటాడు. ఆయన పండుగని స్లావా అంటాం. మా ఇంటి వేల్పు సెయింట్ దిమిత్రి, పండుగ నవంబరు ఎనిమిదిన. స్లావాకి ఎవరినీ పిలవం. పిలవకుండానే వస్తారు, ఒకసారి వచ్చినవాళ్ళు ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఏటేటా వస్తూనే ఉంటారు. గుమ్మం దగ్గరే ఉడికించిన గోధుమల ప్రసాదం పెడతాం, పక్కన రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో శుభ్రమైన చిన్న స్పూన్లు, రెండోదాంట్లో నీళ్ళు. వచ్చినవాళ్ళు శిలువ గుర్తు వేసుకుని, ఒక స్పూను తీసుకుని, ప్రసాదం నోట్లో వేసుకుని, ఎంగిలి స్పూను నీళ్ళ గ్లాసులో పడేసి లోపలికి వస్తారు. ఆ స్పూనుడు గోధుమలు నోట్లో పడకుండా కుర్చీ లాక్కున్నవాడు మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు.

ఇంకో ఆచారం కూడా ఉంది. స్లావా నాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. వేల్పుకీ అతిథులకీ సేవగా రోజంతా నిలబడే ఉండాలి. ఎంత గొప్ప ఆచారం! మా మామగారు నలభై ఏళ్ళు అలా నిలబడ్డారు, చేతిలో వైన్ గ్లాసుతో. పోయిన ఏడాది మోకాళ్ళు మొరాయించేసరికి స్లావాని మా ఆయన చేతికి అప్పగించారు.

మరి ఇంటి ఇల్లాలు కూర్చోవచ్చా? ఆచారం ఏమీ చెప్పలేదు. కూర్చోవచ్చు కాబోలు. సింకుకీ పొయ్యికీ మధ్య కుర్చీ పట్టదు, అంతే.

మామగారింట్లో పద్దెనిమిది స్లావాలు చేశాను. పద్దెనిమిదింటికీ కోడి సూపు నేనే కాచాను, ఒక్కసారీ వేడిగా తాగలేదు. అందరూ తిని లేచాక, పళ్ళేలన్నీ తోమేశాక, గిన్నె అడుగున నెయ్యిలా పేరుకున్న చల్లటి సూపుని సింకు పక్కన నిలబడి తాగేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు చాలా ఏళ్ళుగా ఒకే ఒక్క కోరిక. స్లావా నాడు అందరితోపాటు బల్ల దగ్గర కూర్చుని నా సూపు నేను వేడిగా తాగాలి. అందుకే పండుగ మా ఇంటికొస్తోందని తెలిసిన రోజునే పట్టుబట్టి డిష్‌వాషర్ కొనిపించాను.

మా అత్తయ్య దెసంకా దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదే, ఈ పెట్టెందుకు?" అంది.

ఎవరి చేతులత్తయ్యా, అని అడగబోయి ఊరుకున్నాను. అత్తయ్యకి మిషను మీద నమ్మకం లేదు. మా ఇంటికొచ్చినప్పుడల్లా పళ్ళేలు తోమి, తుడిచి, అప్పుడు అందులో పెడుతుంది. అదేమిటంటే, "పరాయి వస్తువు ముందు మన ఇంటి పరువు పోకూడదు కదే," అంటుంది.

సరే, పండుగ రానే వచ్చింది. మొదటి బంతి మధ్యాహ్నం ఒంటిగంటకి, పద్నాలుగు మంది. రెండో బంతి నాలుగింటికి. నా లెక్క నేను వేసుకున్నాను. మొదటి బంతికి వడ్డిస్తాను. వాళ్ళ పళ్ళేలు మిషన్లో పడేసి గంటసేపట్లో అయిపోయే చిన్న ప్రోగ్రాం నొక్కుతాను. నాలుగింటికి శుభ్రమైన పళ్ళేలతో, ఏప్రన్ విప్పేసి, రెండో బంతిలో కూర్చుంటాను. కిటికీ పక్క కుర్చీ కూడా చూసి పెట్టుకున్నాను.

ఎంగిలి పళ్ళేలు మోసుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి అక్కడ మహాసభ మొదలైపోయింది. మా ఆయన, మా మరిది మిలోయే, మా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డ వుకాషిన్. మాకు పెళ్ళి సాక్షి అంటే తోడబుట్టినవాడి కన్నా ఎక్కువ, ఏమీ అనకూడదు. మిలోయే హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు. వుకాషిన్ పళ్ళ గోడౌన్లో లారీలకి సరుకు ఎక్కించే చోట సూపర్‌వైజరు. ముగ్గురి చేతుల్లోనూ ప్లమ్ సారా గ్లాసులు. ముగ్గురూ తెరిచిన డిష్‌వాషర్ ముందు నిలబడి ఉన్నారు. ఆచారం ప్రకారం నిలబడాల్సింది మా ఆయన ఒక్కడే, మిగతా ఇద్దరూ భక్తి కొద్దీ నిలబడ్డారు.

"అన్నయ్యా, ఆ గిన్నె తియ్యి. రెక్క తిరిగే వ్యాసార్థంలో ఉంది," అన్నాడు మిలోయే.

"ఒరేయ్ మిలోయే, నీ వ్యాసార్థాలు బడిలో చెప్పుకో," అన్నాడు వుకాషిన్. "బరువు కింద, నాజూకు పైన, అంతే సూత్రం. ఇరవై టన్నుల రాస్‌ప్‌బెర్రీలు జర్మనీ పంపించాను, ఒక్క పండు నలిగిందేమో అడుగు!"

"ఇదేమన్నా లారీనా?"

"లారీకి నాలుగు చక్రాలెక్కువ, అంతేరా. సర్దుడు సర్దుడే!"

మా ఆయన మాత్రం పుస్తకం తెచ్చి పదిహేడో పేజీ తెరిచాడు.

నలభై నిమిషాల్లో డిష్‌వాషర్ మూడుసార్లు నింపి మూడుసార్లు ఖాళీ చేశారు. ఒకసారి ఫిజిక్స్ ప్రకారం, ఒకసారి లారీ ప్రకారం, ఒకసారి పుస్తకం ప్రకారం. ఈలోగా నేనూ అత్తయ్యా వాళ్ళ వెనక నిలబడి, ఏ శాస్త్రంలోనూ పట్టని పెద్ద గిన్నెలూ, పెనాలూ, ట్రేలూ చేత్తో తోముతూనే ఉన్నాం. మధ్యలో మిలోయే రెండుసార్లు, "వదినా, కొంచెం జరుగు, వెలుతురుకి అడ్డొస్తున్నావు," అన్నాడు. జరిగాను. సైన్సుకి అడ్డం రావడం మహాపాపం కదా?

చివరికి ముగ్గురూ వెనక్కి తగ్గి చూసుకున్నారు. నిజం చెప్పొద్దూ, చాలా అందంగా సర్దారు! పళ్ళేలన్నీ చర్చిలో జనంలా ఒకేవైపు మొహాలు పెట్టి నిలబడ్డాయి. ఒకటే లోపం. స్పూన్ల బుట్ట సగం ఖాళీ.

"సగం ఖాళీ బండి పంపితే మా మేనేజరు ప్రాణం తీస్తాడు," అన్నాడు వుకాషిన్.

"కరెంటు ఆదా చేసే ఎకో ప్రోగ్రాంకి నిండుగా ఉండాలి, అప్పుడే లెక్క సరిపోతుంది," అన్నాడు మిలోయే.

నేను చిన్న ప్రోగ్రాం అన్నాను. నా మాట ఎవరికీ వినపడలేదు. వాళ్ళ కళ్ళన్నీ ఆ బుట్టలో ఖాళీ మీదే ఉన్నాయి. నేను గిన్నెలు సర్దడానికి వెనక గదిలోకి వెళ్ళి వచ్చేసరికి తలుపు మూసి, మీట నొక్కి, ముగ్గురూ గ్లాసులు తాకించుకుంటున్నారు. ఎకో ప్రోగ్రాం. మూడు గంటల నలభై నిమిషాలు!

పోనీలే, అనుకున్నాను. పక్కింటి నుంచి లోతు పళ్ళేలు ఎరువు తెచ్చుకున్నాను. సూపు మళ్ళీ కాగబెట్టాను. నాలుగయ్యింది. ఏప్రన్ విప్పాను. కిటికీ పక్క కుర్చీ ముందు నా పళ్ళెంలో నేనే సూపు పోసుకున్నాను. పొగలు కక్కుతోంది. చేత్తో కుర్చీ పట్టుకున్నాను. అప్పుడు బెల్లు మోగింది.

గుమ్మంలో మా ఆయన ఆఫీసు పెద్దా, ఆయన భార్యా. వాళ్ళ వెనక మెట్ల మీద ఇంకో తొమ్మిది మంది. ఆఫీసు పెద్దాయన శిలువ గుర్తు వేసుకున్నాడు, వినయంగా తల వంచాడు, స్పూను కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది. ప్రసాదం ఉంది. కొవ్వొత్తి వెలుగుతోంది. రెండు గ్లాసులు ఉండాల్సిన చోట రెండు గుండ్రటి మరకలున్నాయి.

"యాగొదా! స్పూన్లేవీ?" అన్నాడు మా ఆయన. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నన్నడుగుతావేంటి? గుమ్మంలో గ్లాసులు నేను ముట్టుకున్నానా?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అర్థమైందా పాఠకులారా? బుట్టలో ఖాళీ నింపడానికి ఎంగిలి స్పూన్ల గ్లాసుతోపాటు శుభ్రమైన స్పూన్ల గ్లాసు కూడా తెచ్చి పోసేశారు! అది చాలక డ్రాయర్లో ఉన్న పెద్ద స్పూన్లు కూడా. ఇంట్లో ఉన్న ప్రతి స్పూనూ శాస్త్రోక్తంగా, ఒకటి తల పైకి, ఒకటి తల కిందికి, మిషన్లో స్నానం చేస్తోంది. ఇంకా రెండు గంటల అయిదు నిమిషాలు మిగిలి ఉంది.

"తెరిచెయ్యండి," అన్నాను.

"మధ్యలో తెరిస్తే వేడి పోతుంది వదినా," అన్నాడు మిలోయే.

"సీలేసిన బండిని దార్లో విప్పరు," అన్నాడు వుకాషిన్. కానీ ఈసారి గోడవైపు చూస్తూ.

మా ఆయన ఏప్రన్ వైపు చూశాడు. నావైపు చూశాడు. ఆ చూపు నాకు పందొమ్మిదేళ్ళుగా తెలుసు. ఏప్రన్ కోసం నా చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది, నన్ను అడగను కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. సూపు మీద పొగ అప్పటికే కాస్త పలచబడింది.

ఏప్రన్ నా చేతికి అందలేదు. అత్తయ్య లాగేసింది. నా భుజాల మీద రెండు చేతులూ వేసి కిటికీ పక్క కుర్చీలో కూలేసింది.

"కూర్చో."

"అత్తయ్యా, గుమ్మంలో జనం…"

"స్లావా నాడు నిలబడాల్సింది ఇంటి యజమాని. ఆడది కూడా నిలబడాలని ఎక్కడా లేదు. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో ఈ మాట నా నోట్లోంచి రాలేదే పిల్లా. కూర్చో."

అని, ఏప్రన్ని కొడుకు మెడలో వేసింది.

"ఒరేయ్ రాదిశా, ఆ పెట్టె తెరువు. చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదరా?"

మూల కుర్చీలో మా మామగారు ఏదో అనబోయి, అత్తయ్య మొహం చూసి, మోకాళ్ళు రాసుకున్నారు.

చరిత్రలో ఆ తర్వాత జరిగింది ఇదీ. మా ఆయన తలుపు తెరిచాడు. గుప్పుమని ఆవిరి మొహాన కొట్టింది. సబ్బు నురగతో జారిపోతున్న స్పూన్లన్నీ రెండు చేతుల్తో తీసుకెళ్ళి సింకులో పోశాడు. టై భుజం మీదికి విసిరేసుకుని కడగడం మొదలుపెట్టాడు! మిలోయే తుడిచాడు. వుకాషిన్ గ్లాసులో వేసుకుని గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. స్పాంజి ఎక్కడుందని మా ఆయన ఒక్కసారి అడిగాడు, అంతే. పుస్తకం తెరవలేదు, వ్యాసార్థం కొలవలేదు. నలభై మూడు స్పూన్లు, ఏడు నిమిషాలు. అతిథులందరూ ప్రసాదం తిని, ఇంటికి మేలు జరగాలని దీవించి లోపలికి వచ్చారు.

అన్నీ పంచాక మిగిలిన ఆఖరి స్పూను తెచ్చి మా ఆయన నా పళ్ళెం పక్కన పెట్టాడు. చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి. అది ప్రసాదం తినే చిన్న స్పూను. దాంతో పళ్ళెం సూపు తాగాలంటే అరగంట పడుతుంది. పట్టనీ! సూపు ఇంకా వేడిగానే ఉంది. చల్లటి సూపుకి అలవాటుపడ్డ నాలుక కదా, చురుక్కుమంది. అయినా ఆపలేదు.

కాబట్టి నా మాటకి నేను కట్టుబడే ఉన్నాను. డిష్‌వాషర్ కొనండి! మా ఇంట్లో స్పూన్లు కడగ్గల చేతులు ఇంకో ఆరు ఉన్నాయని ఆ మిషనే లేకపోతే ఎప్పటికీ బయటపడేది కాదు.

పండుగ మర్నాడు మళ్ళీ పుస్తకం ప్రకారం నింపి ఎకో ప్రోగ్రాం పెట్టాడు. మూడు గంటల నలభై నిమిషాలకి కూత వినపడింది. ఆయనకి ఫోను వచ్చింది. నేను కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఇవాళ్టికి మూడో రోజు. పళ్ళేలు లోపలే ఉన్నాయి, మేం రొట్టె చేతుల్లో పెట్టుకుని తింటున్నాం. ఆయన రోజుకి పదిసార్లు వంటింట్లోకి వచ్చి, ఆ తలుపు వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి వెళ్తున్నాడు. నేను ఇంకా లేవలేదు.